ఆ పదవి తప్ప ఇంకేదైనా

మా అబ్బాయి కాలేజీలో మూడో సంవత్సరం చదువుతుండగా, జనవరిలో ఒక ఆదివారం ఫోన్ చేసి తనకు పదవి వచ్చిందని చెప్పాడు. మేము అమెరికాలో, నోవై అనే ఊళ్ళో ఉంటాం. వాడి యూనివర్సిటీ కారులో రెండు గంటల దూరం. బయట కారు మీది మంచు గీకుతున్న మావారు చేతి తొడుగులు తీయకుండానే లోపలికి వచ్చి ఫోన్ దగ్గర నిలబడ్డారు.

"రిస్క్ మేనేజర్, మమ్మీ. మా ఫ్రెటర్నిటీకి."

"రిస్క్ మేనేజరా!" అన్నారు మావారు. "మా కంపెనీల ఆ పోస్టుకు పదిహేనేండ్ల ఎక్స్‌పీరియన్స్ అడుగుతరురా. నీకు గింత జల్ది ఎట్లిచ్చిన్రు?"

"అందరూ నాకే ఓట్ వేశారు డాడీ. ఇంకెవరూ రన్ చెయ్యలేదు."

"అంటే ఏకగ్రీవం!"

"అంటే ఏంటి?"

"మన దిక్కు సర్పంచులకు గూడ దొరకది పో!"

ఇంకెవరూ పోటీకి నిలబడలేదన్న ఆ ఒక్క మాట దగ్గరే మేము ఆగవలసింది. ఆగలేదు. ఆ రాత్రి భోజనంలోకి నేను సేమియా పాయసం చేశాను.

మా కుటుంబంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. నాకంటే ముందు ఎవరూ నడవని దారి కాబట్టి, కాలేజీ గురించి నాకు తెలిసినదంతా చదివి తెలుసుకున్నదే. దరఖాస్తు వెనుక చిన్న అక్షరాలలో అచ్చయిన నియమాలను కూడా వదలకుండా చదివేదాన్ని. మహిళా హాస్టల్లో నన్ను మెస్ కార్యదర్శిగా ఎన్నుకున్నప్పుడు, సాంబారు నీళ్ళగా ఉందని అందరిచేతా మాటలు పడడం తప్ప అందులో వేరే ప్రమాదం లేకపోయింది. అప్పటివరకు నన్ను గది నంబరుతో పిలిచిన వార్డెన్, ఆ ఏడాది పేరు పెట్టి పిలిచారు. కాలేజీలో ఇచ్చే పదవి ఏదైనా గౌరవమేనన్న నమ్మకం నాకు అక్కడ ఏర్పడింది.

మావాడు ఫ్రెటర్నిటీలో చేరతానన్నప్పుడు కూడా చదివే తెలుసుకున్నాను. ఇంటి ముఖాన గ్రీకు అక్షరాలు తగిలించుకుని, యాభై అరవై మంది అబ్బాయిలు అన్నదమ్ములమని చెప్పుకుంటూ కలిసి బతికే సంఘం అది. అమ్మాయిలకు అటువంటిదే సొరోరిటీ. తల్లిదండ్రుల కోసం యూనివర్సిటీ ఇచ్చిన సమాచారమంతా చదివి, వాడిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. కొత్తగా చేరినవాళ్ళను ఏడిపిస్తారా? బలవంతంగా తాగిస్తారా? మార్కులు పడిపోతాయా? అన్నిటికీ వాడు ఓపికగా జవాబు చెప్పాడు. వాడు తాగడు. ఇప్పటికీ తాగడు. ఆ ఒక్క జవాబుతో నా మనసు కుదుటపడింది. తాగని పిల్లవాడికి అటువంటి ఇంట్లో ఏ పని అప్పగిస్తారన్నది నేను చదివినదానిలో ఎక్కడా లేదు.

పదవి సంగతి స్నేహితుల ఇంట్లో భోజనాలప్పుడు నేనే చెప్పాను. విజయవాడ నుంచి వచ్చిన ఒకావిడ ప్లేటు పట్టుకుని నవ్వింది. "అబ్బో! మా వాడికి వాడి గది మేనేజ్ చేసుకోవడమే చేతకాదండీ, మీవాడు ఏకంగా రిస్క్‌నే మేనేజ్ చేసేస్తున్నాడా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు పొగడ్తలాగే వినిపించింది.

ఏప్రిల్‌లో ఫ్యామిలీ వీకెండ్ వచ్చింది. పిల్లల తల్లిదండ్రులందరినీ ఆ ఇంటికి భోజనానికి పిలుస్తారు. నేను పెద్ద అల్యూమినియం ట్రేలో పులిహోర పట్టుకెళ్ళాను. పెరట్లో వేసిన బల్లల దగ్గర, నా పక్కనే ఒక అమెరికన్ ఆవిడ తాను తెచ్చిన బంగాళాదుంపల సలాడ్ వడ్డిస్తున్నారు. ఆవిడ మామగారు, భర్త కూడా ఒకప్పుడు ఇదే ఫ్రెటర్నిటీలో ఉన్నవారట. ఇప్పుడు కొడుకు ఇక్కడ పార్టీలు ఏర్పాటు చేస్తాడట. మీ అబ్బాయి ఏం చేస్తాడని అడిగారు. నేను గర్వం బయటపడకుండా చెప్పడానికి ప్రయత్నించాను.

ఆవిడ చేతిలోని గరిటె ఆగింది. ఆవిడ ఇంగ్లీషులో అన్నది నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"పాపం, అతను మీ అబ్బాయా! ఎంత మంచి పిల్లాడండీ. మా ఆయన మావాడికి చేరకముందే చెప్పేశారు, ఆ పదవి తప్ప ఇంకేదైనా తీసుకోమని."

"ఎందుకని?"

"పార్టీలో తాగి ఎవరికైనా ఏదైనా అయితే, యూనివర్సిటీ వాళ్ళయినా పోలీసులైనా ముందు వెతికేది ఆ రిస్క్ మేనేజర్‌నే కదా. పార్టీ పెట్టినవాణ్ణి కాదు." నా ముఖం చూసి ఆవిడ గొంతు తగ్గించారు. "మీకెవరూ చెప్పలేదా?"

ఎగతాళి లేదు ఆ ప్రశ్నలో. లేదన్నాను. ఆవిడ నిజంగానే నొచ్చుకున్నారు. ఏం చేయాలో తోచక నా పులిహోర ఇంకొంచెం వడ్డించుకున్నారు.

పన్నుల లెక్కలైనా, స్కూళ్ళ మంచిచెడ్డలైనా ఈ దేశంలో మేము చదివి నేర్చుకోనిది లేదు. కానీ కొన్ని సంగతులు ఎక్కడా రాసి ఉండవు. భోజనాల బల్ల దగ్గర తండ్రి కొడుక్కి, రొట్టె అందించినట్టు, మాటల మధ్యలో అందిస్తాడు. మా ఇంట్లో ఆ రోజు మావారు అందించింది ఏకగ్రీవం అన్న మాట.

అక్కడే, ఆ మధ్యాహ్నమే, వాడిని పార్కింగ్‌లో ఉన్న మా కారు దగ్గరికి తీసుకెళ్ళాం. మేము గ్రీన్‌కార్డు వరుసలో ఉండగానే కిందటి ఏడాది వాడికి ఇరవై ఒకటి నిండింది. మా వీసాతోపాటు ఉండే అర్హత పోయి, స్టూడెంట్ వీసాకు మారాడు. మావారికి ఆ సంగతి తప్ప ఇంకొకటి కనిపించడం లేదు.

"ఎవనికన్న ఏమన్నయితే నీ పేరు చెప్తరారా?"

"అది జస్ట్ ప్రొసీజర్ డాడీ. పార్టీ రిజిస్టర్ చేసినప్పుడు నా పేరు ఇస్తారు."

"నీ దోస్తుకు కేసయితే వాళ్ళ నాయిన లాయర్‌ను పెట్టుకుంటడు, అయిపోతది. నీకు కేసయితే వీసా ఉంటదో పోతదో ఎవడు చెప్తడు? నువ్వు నడక నేర్చిందే ఈడ. పొమ్మంటే ఏడికి పోతవ్?"

వాడు నా వైపు తిరిగాడు.

"నేను లేకపోతే ఎవరుంటారు మమ్మీ? లాస్ట్ మంత్ పార్టీలో ఒక ఫస్ట్ ఇయర్ వాడు బాగా తాగి పడిపోయాడు, లేవట్లేదు. కాల్ చేస్తే హౌస్ క్లోజ్ చేస్తారని అందరికీ భయం. నేనే అంబులెన్స్‌కి కాల్ చేశాను."

"బతికిండా?" అన్నాను.

"బానే ఉన్నాడు. లోపల నీ పులిహోర తింటున్నాడు."

కారులో కూర్చోబెట్టి చెప్పాలనుకుని వచ్చిన మాటలన్నీ నాకు అక్కడ అక్కరకు రాకుండా పోయాయి. నా కొడుకు అక్కడ ఉండబట్టే ఒక తల్లికి ఆమె కొడుకు మిగిలాడు. ఇంతకంటే మంచి పని నేను వాడికి ఏం నేర్పగలను? అయినా నా నోట వచ్చింది వేరే మాట.

"ఆ పిల్లగాడు బతకకపోతే?"

ఆ పదవి మానెయ్యమన్నాను. వాడు వాదించలేదు. నాకు గుర్తున్నంతలో, పెద్దవాడయ్యాక వాడు నా మాటకు ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి. తరువాతి వారం మానేశానని మెసేజ్ పంపాడు. ఒక్క ముక్క, అంతే. మావారు ఆ రాత్రి, వారం రోజుల తరువాత, కంటినిండా నిద్రపోయారు.

మే నెలలో సంవత్సరం ముగిసి, వాడి సామాను తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళాం. చిన్న ఫ్రిజ్, దీపం, మడతపెట్టని బట్టల మూటలు. నేను దిండ్లు పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఖాళీ బట్టల బుట్టతో ఎదురుగా వస్తున్న ఒకావిడ ఆగి, నేను ఎవరి తల్లినో అడిగి, నా చేయి పట్టుకున్నారు. మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ బేకరీ నడుపుకుంటున్నారట. వాళ్ళ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆవిడ కొడుకట.

"మీ అబ్బాయికి థాంక్స్ చెప్పాలండీ," అన్నారు. "ఆ పదవికి మావాడి పేరు చెప్పింది మీవాడేనట. ఇంకెవరూ పోటీకి కూడా రాలేదట!"

ఆవిడ ముఖంలో ఉన్న సంతోషాన్ని నేను గుర్తుపట్టాను. జనవరిలో అది మా ఇంట్లో ఉంది. చెప్పకుండా వచ్చేయవచ్చు, చేతుల్లో దిండ్లు ఉన్నాయి, కారు ఎదురుగా ఉంది. చెప్పాను. సలాడ్ ఆవిడ నాకు చెప్పినదంతా, అంతే మెల్లగా చెప్పాను.

ఆవిడ బుట్ట మెట్టు మీద పెట్టారు. "మీవాడు ఎందుకు మానేశాడు?"

"మేమే మాన్పించాం."

ఆవిడ బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు.

కారు ఎక్కాక అడిగాను. "వాని పేరు నువ్వే చెప్పినవా?"

"ఎవరో ఒకరిని చూపించకపోతే వదలరు మమ్మీ. అది రూల్. వాడు తాగడు. పైగా వాడు సిటిజన్, వీసా ప్రాబ్లెమ్ లేదు. ఆలోచించే చెప్పాను."

"ఇందులో ఏమున్నదో వానికి చెప్పినవా మరి?"

వాడు కిటికీలోంచి ఆ ఇంటి వైపు చూశాడు. తలుపు తీసుకుని దిగి లోపలికి వెళ్ళాడు. మేము ఇంజను ఆపుకుని కూర్చున్నాం. మావారు అద్దం సరిచేసుకున్నారు, మళ్ళీ సరిచేసుకున్నారు. వాడు తిరిగి వచ్చేసరికి మిగిలిన కార్లన్నీ దాదాపు వెళ్ళిపోయాయి.

"మొత్తం చెప్పేశాను. వాడు కూడా మానేస్తాడట. వాళ్ళ మమ్మీ ఏడుస్తోంది."

"మరిప్పుడు ఎవలు?" అడిగారు మావారు.

"ఆగస్టులో, ఫాల్ సెమిస్టర్‌కి కొత్తవాళ్ళు వస్తారు కదా డాడీ. తాగనివాడు ఒకడు ఉంటాడు."

మావారు కారు స్టార్ట్ చేశారు. దారి పొడవునా వెనుక సీట్లో చిన్న ఫ్రిజ్ తలుపు దానంతట అదే తెరుచుకుంటూ ఉంటే, వాడు ఒక చేత్తో దాన్ని మూసిపట్టుకుని కూర్చున్నాడు. నేను రాబోయే ఆ ఒక్కడి తల్లి గురించి ఆలోచిస్తున్నాను. ఈ వేసవిలో ఆమె ఏదో ఒక ఊళ్ళో, యూనివర్సిటీ పంపిన కాగితాలు ముందేసుకుని, అక్షరం వదలకుండా చదువుతూ ఉంటుంది.