బట్టలు ఆరేసిన మెట్లు

మా చిన్న తమ్ముడు పోయి పదహారు రోజులైంది. ఫీనిక్స్ బే రేవులో, తను పనిచేసే పడవ ఇంజిన్ గదిలోంచి పైకి వస్తూ కూలిపోయాడని మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మేం ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. గుండె అన్నారు. నలభై రెండేళ్ళు వాడికి.

ఆ ఉదయం మామూలుగానే తెల్లవారింది. గరాచర్మలో మా ఇంటి ముందు కుళాయికి నీళ్ళొచ్చాయి. నేను బిందెలు నింపి, దీపం పెట్టి, అమ్మకి టీ ఇచ్చాను. వాడు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఒక జపాను మాట వల్లె వేస్తున్నాడు. ‘ఇక్కడ ఒక ఫొటో తీసుకోవచ్చా అమ్మా?’ అని దాని అర్థం. నన్నూ అప్పజెప్పమన్నాడు. సగంలో తడబడ్డాను.

“అక్కా, నువ్వలా అడిగితే ఆవిడ పోలీసుల్ని పిలుస్తాది.”

“నీ మొకం చూసే పిలుస్తాదిలేరా,” అంది అమ్మ.

నవ్వుతూనే బస్సుకి పరిగెత్తాడు.

ఆవిడ ఎవరో చెప్పాలి. మా వాడు చదువుకునే రోజుల నుంచీ జపాను బొమ్మల సీరియళ్ళు చూసేవాడు. “కార్టూన్ కాదక్కా, అనిమే,” అని దిద్దేవాడు. అందులో కొన్ని వీధులు ఊహించి గీసినవి కావట. నిజంగా ఉన్న ఊళ్ళు చూసి గీసినవట. ఇష్టపడ్డవాళ్ళు ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, బొమ్మలో మనిషి నిలబడ్డ చోటే నిలబడి ఫొటో తీసుకుంటారట. వీడికి ఒక మెట్ల దారి మీద మనసుపడింది. పైన చిన్న ఇల్లు, కింద సముద్రం.

పోయినేడు ఒక్కడే వెళ్ళాడు. తిరిగి రాగానే అందరం వాడి ఫోన్ చుట్టూ మూగాం. గుడులున్నాయి, రైళ్ళున్నాయి, నూడుల్స్ గిన్నె ఉంది. మెట్లు లేవు.

“అరే, దాని కోసమే కదరా పోయావు?” అన్నాడు పెద్ద తమ్ముడు.

“మెట్ల మీద ఒక ముసలావిడ బట్టలు ఆరేస్తంది భయ్యా. అది ఆవిడ వాకిలి. నాను ఫోన్ ఎత్తేసరికి మొకం తిప్పేసుకుంది. మరి తియ్యలేకపోయాను.”

“అంత దూరం పోయి తువ్వాళ్ళు చూసొచ్చాడు!” అని పెద్దోడు పడీపడీ నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఒకప్పుడు ఆమె ఒడ్డున చేపలు ఎండబెడుతుంటే టూరిస్టులు టాక్సీ ఆపి ఫొటోలు తీసేవారు. అమ్మ కొంగు మొహానికి కప్పుకునేది. వీడు అప్పటికి గోచీపాతగాడు, ఆమెకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడేవాడు.

పెద్దయ్యాకా అంతే. ఎవరి ఇంటికి వెళ్ళినా గేటు దగ్గరే ఆగి దగ్గేవాడు. “మనుషులున్న చోటుకి చూడ్డానికి పోతే ముందు తలుపు కొట్టాలక్కా,” అనేవాడు.

“ఈసారి నువ్వు రా. ఆడమనిషి అడిగితే ఆవిడ కాదనదు,” అన్నాడు నాతో. మోకాళ్ళ నొప్పులని ఒకసారి, అమ్మకి జ్వరమని ఒకసారి, నేనే వాయిదా వేశాను. మూడోసారి అడిగాక ఒప్పుకున్నాను. పాస్‌పోర్టు వచ్చింది. ఇద్దరికీ టికెట్లు తీశాడు. వచ్చే నెలకి.

ఇప్పుడూ రోజూ దీపం పెడుతున్నాను. దేవుణ్ణి ఏమీ అడగడం లేదు. వాయిదా వేసింది ఆయన కాదు.

పదకొండో రోజు కర్మ ముగిసిన సాయంత్రం అందరం చాప మీద కూర్చున్నాం. పెద్ద తమ్ముడు నా పక్కకి జరిగాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది వాడికి.

“అక్కా, నాను తీసుకెళ్తాను. వాడి బదులు ఆవిడ్ని మనం అడుగుదాం.”

“ఏ ఊరు రా అది?” అన్నాను.

పెద్దోడికి తెలియదు. నాకూ తెలియదు. టికెట్టు మీద విమానం దిగే నగరం పేరే ఉంది. చిన్నోడి ఫోన్ ఎలా తెరవాలో వాడికే తెలుసు. పోనీ ఆ సీరియల్ పేరు చెబితే ఎవరినైనా కనుక్కోవచ్చన్నాడు పెద్దోడు. ఆ పేరూ మాలో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళు వాడు మేం కూర్చున్న ఆ గదిలోనే చూస్తుంటే, మేం పక్క నుంచే అన్నం గిన్నెలతో తిరిగాం. ఒక్కరోజు కూడా వాడి పక్కన కూర్చోలేదు.

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. తోబుట్టువుల్లో పెద్దదాన్ని, నేనే చెప్పాను. ఏ తలుపు కొట్టాలో తెలియకుండా పోలేమని, రెండు టికెట్లూ రద్దు చేసెయ్యాలని ఆ సాయంత్రం అనుకున్నాం.