మగవాళ్ల సగం

తెలంగాణ వచ్చాక రెండో చలికాలం. హెలికాప్టరు మమ్మల్ని సరిహద్దులో మంచునది మీది సైనిక పోస్టులో దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది.

పంతొమ్మిది వేల అడుగుల ఎత్తు. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ఆరుగురం. ఉల్లిగడ్డను సుత్తితో కొట్టి వండుకునేవాళ్లం. మంచు చూడ్డానికి ఎంత బాగుంటుందో అని మా ఊళ్లో ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా రేడియో ఆపరేటరుది నల్లగొండ పక్క పానగల్. నాది కోస్గి. ఇద్దరివీ చర్చి కుటుంబాలే. బైబిళ్లు కింద క్యాంపులో, ట్రంకుల్లో ఉండిపోయాయి. పైకి మోసే బరువులో కిరోసిన్‌దే మొదటి వంతు. అయినా ఆదివారం పూట స్టవ్ పక్కన కూర్చుని, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన కీర్తన ఒకటి చెప్పుకుందామనుకున్నాం. మొదటి మాట దగ్గరే ఆగిపోయాం.

మా చర్చిల్లో కీర్తనను పంచుకుని చెబుతారు. ఒకవైపు కూర్చున్న మగవాళ్లు ప్రతి వచనంలో మొదటి సగం చెబితే, రెండోవైపు నుంచి ఆడవాళ్లు మిగతా సగం అందుకుంటారు. వెనకటికి యూదులు కూడా తమ గుడిలో ఇలాగే రెండు వైపుల నుంచి పాడుకునేవారని మా పాస్టరు అనేవాడు. ఏళ్ల తరబడి విన్నారు కదా, రెండో సగం రాదా అంటారు మీరు. విన్నాం. నోటికి రాలేదు. వాళ్లు చెబుతున్నంతసేపూ మేం తర్వాతి మాట ఎత్తుకునే తొందరలో ఉండేవాళ్లం. పైగా ఆ కీర్తనలో మొర అంతా మా సగంలోనే ఉంది. ఊరట ఆడవాళ్ల సగంలో ఉంది.

"ఏందన్నా, ఏడుపంత మనకే ఇచ్చిన్రు గద," అని ఆపరేటరు నవ్వాడు.

తర్వాతి వారం వాడికి దగ్గు పట్టుకుంది. మా ఆరుగురిలో ఒకడైన నర్సింగ్ అసిస్టెంటు వాడి ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు. వెంటనే కిందికి దించకపోతే దక్కడన్నాడు. రేడియో నేను అందుకుని కింది క్యాంపును పిలిచాను.

"హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మీ పక్క ఏం కనిపిస్తోంది? ఓవర్."

"ఏమీ లేదు. అంతా తెల్లగా ఉంది. ఓవర్."

"తెరిపి ఇచ్చేదాకా ఆగండి. ఓవర్."

తెరిపి ఇవ్వలేదు. ఆక్సిజన్ పెట్టాం. కూర్చోబెట్టే ఉంచు, మాట్లాడిస్తూ ఉండు అన్నాడు నర్సింగ్ అసిస్టెంటు. వాణ్ని నా ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాను. వాడు మాస్కు పక్కకు జరిపి కీర్తనలో మా సగం చెప్పాడు. చెప్పి ఆగాడు.

"జవాబు జెప్పన్నా."

"నాకు రాదురా."

"జర యాద్ జేస్కో. మా అమ్మోళ్లు జెప్తరు గద."

నాకు తోచిన ఊరట మాటలేవో అల్లి చెప్పాను. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మా సగం ఎత్తుకున్నాడు. మళ్లీ ఆగాడు. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం దాటాక వాడు పోయాడు. మర్నాడు ఎండ కాసింది, హెలికాప్టరు వచ్చింది.

వాడి శవపెట్టెతో పాటు పానగల్‌కు నన్నే పంపారు. వాకిట్లో దించి జెండా మడిచాక, వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆఖరికి ఏమన్న అన్నడా బిడ్డా?"

"కీర్తన జెప్పిండమ్మా."

"మొత్తం జెప్పిండా?"

"మా సగమే. జవాబు జెప్పనీకి నాకు రాలే."

ఆమె నా చెయ్యి వదిలేసింది. తిట్టినా బాగుండేది. పెట్టె పక్కన కూలబడి, మూతకు నోరు ఆనించి, ఆడవాళ్ల సగం చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో మాటకూ ముందు, కొడుకు తన సగం చెప్పేంతసేపు ఆగింది.