అమెరికా ముసలాయన ఆట, అంకాలమ్మ మొక్కు

ఎవరి తలరాత ఎవరి చేతుల్లో ఉంటుందో ఎవరికెరుక! రాజంపేట పక్క పల్లె నుంచి వచ్చి కువైట్‌లో ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో వంట చేసుకుంటున్న అంకాలమ్మ తలరాత, పోయిన చలికాలంలో అమెరికాలో బంతి విసిరే ఒక తెల్లాయన చేతికి చిక్కింది. పాపం, ఆయనకు ఆ సంగతే తెలీదు. తెలిసినా ఒరగబెట్టేది ఏమీ లేదు లెండి.

ఆ ఇంటి పెద్దకొడుకు మిషారి నాలుగేండ్లు అమెరికాలో చదివి, చదువు కంటే ఎక్కువగా అక్కడి ఫుట్‌బాల్ పిచ్చిని మూటగట్టుకొని వచ్చాడు. పేరుకే ఫుట్‌బాల్, కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డు లాంటి బంతి పట్టుకొని, నెత్తిన ఇనుప బుట్టలు పెట్టుకొని ఒకరి మీద ఒకరు పడి పొర్లాడుతుంటారు. ఆ గోలలో వెనకాల నిలబడి, ఎవడు సందు చేసుకొని పరిగెత్తుతున్నాడో చూసి వాడికి బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మిషారి కొలిచే క్వార్టర్‌బ్యాక్‌కు నలభై ఎప్పుడో దాటాయి. అలాంటోడు పుట్టలేదు, పుట్టబోడు అని లోకమంతా ఒప్పుకున్న మొనగాడు. మిషారి, వాడి స్నేహితులు ముద్దుగా 'ముసలాయన' అంటారు.

ఇంటి ముందర మగవాళ్లు కూర్చునే గది ఉంది, దివానియా. దానికీ వంటింటికీ నడుమ ఒక్క గోడే అడ్డం. ఆట ఉన్న రోజు రాత్రి ఇషా నమాజు అయిందంటే చాలు, ఆ గదిలో ఒకటే వాదులాట. ముసలాయన ఈ ఏడాదితో మానుకుంటాడా, మానుకోడా? మోకాలికి రెండుసార్లు కోత పడింది, ఇంకేం ఆడతాడు, పెండ్లాం పిల్లల్ని చూసుకోడా అని ఒక జట్టు. సింహం గడ్డి తింటుందా, వాడు మైదానంలోనే చస్తాడు అని ఇంకో జట్టు. ఆ రెండో జట్టుకు పెద్ద, సల్వా అనే పేట నుంచి వచ్చే ఒక లావుపాటి పిల్లోడు. వాడి గొంతుకు గోడలు అదిరేవి.

మొదట్లో ఇదంతా అంకాలమ్మకు చెవిలో జోరీగ. వీళ్లకేం పనా పాటా, తిన్నది అరక్క అరుస్తున్నారు అనుకునేది.

ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికి మిషారికి తొమ్మిదేండ్లు. ఊర్లో కూతురు మునిలక్ష్మికీ తొమ్మిదే. మొగుడు బోరుబండి పనిలో ప్రాణం పోగొట్టుకున్నాక, బిడ్డను అక్క ఇంట్లో వదిలి విమానం ఎక్కింది. అక్కడ తన బిడ్డకు ఎవరు జడేశారో ఎరగదు గానీ, ఇక్కడ ఈ పిల్లోడికి జ్వరమొస్తే నుదుట తడిగుడ్డ వేసింది ఆమె. కూతురు పెద్దమనిషైన కబురు ఫోన్లో విన్నది. పెండ్లి వీడియోలో చూసింది. సరిగ్గా తలంబ్రాల టయానికి నెట్టు నిలిచిపోయి, మళ్లీ వచ్చేసరికి జనం భోజనాలకు లేచిపోయారు. లీవు మీద ఊరికి పోలేదా అంటే పోయింది. మామా, అంటే మిషారి తల్లి, ఆ ఇంటి యజమానురాలు, పంపినప్పుడు పోయింది, బిడ్డకు కావలసినప్పుడు కాదు.

అలాంటి మునిలక్ష్మి డిసెంబర్లో ఒకరోజు ఫోన్ చేసింది.

"మ్మా, ఉగాదికి నాలుగు దినాలు ముందూ ఎనకా కాన్పు అయితాదని డాక్టరమ్మ చెప్పినాది. మొదటి కాన్పు గదా. పెద్దమ్మకు ఈమధ్య నడుము లేస్తా లేదు. వస్తావా?"

ఎప్పుడూ నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల. చీర అడగలేదు, సొమ్ము అడగలేదు. పుట్టి బుద్దెరిగినాక అడిగింది ఇదొక్కటే. అంకాలమ్మ ముందూ వెనకా చూసుకోలేదు. "రాకుండా యాడికి పోతా, వస్తానే" అనేసింది.

అనేసింది గానీ, ఈ ఏడు ఉగాది ముందర అంటే రంజాన్ నెల. రంజాన్‌లో వంటమనిషిని ఊరికి పంపే ఇల్లు కువైట్ మొత్తంలో వెతికినా దొరకదు. మామా వినీ వినకముందే చెయ్యి అడ్డంగా ఊపింది.

"రంజాన్లోనా? మతి ఉందా అంకా? ఈద్ అయినాక చూద్దాం, ఇన్షాల్లా."

ఈద్ దాకా కడుపులో బిడ్డ ఆగుతుందా? పాస్‌పోర్టు చూస్తే మామా బీరువాలో ఉంది. చెప్పకుండా పోదామంటే, పారిపోయిందని కేసు పెడతారు. ఇక మిగిలింది మిషారి ఒక్కడే. చిన్నప్పటి నుంచి తన చేతి కింద పెరిగిన బిడ్డ, వాడి మాట తల్లి కాదనదు. వాడు టీవీ ముందర కూర్చొని ఉన్నప్పుడు పోయి, తనకొచ్చిన వంటింటి అరబ్బీలో బతిమాలింది. ఆ పూట ముసలాయన ఓడిపోతున్నాడు. మిషారి కళ్లు టీవీ మీదనుంచి తిప్పకుండానే నవ్వాడు.

"సరే అంకా. పందెం. ఈ ముసలాయన ఈ ఏడు ఆట మానుకున్నాడనుకో, వల్లా, నేనే టికెట్ కొని నిన్ను పంపిస్తా. మానుకోలేదనుకో, నువ్వు కూడా మానకూడదు. ఇద్దరూ ఇద్దరే, పాతకాపులు."

వల్లా అంటే దేవుని మీద ఒట్టు. అంకాలమ్మ ఊర్లో దేవుని మీద ఒట్టు పెట్టినోడు మాట తప్పితే ఇంటికి దీపం ఉండదంటారు. ఆమె ఆ ఒక్క మాటను కొంగున ముడేసుకుంది.

"పిచ్చి అక్కా!" అని తల కొట్టుకున్నాడు హుస్సేన్ వలి. రాయచోటి మనిషి, ఆ ఇంటి డ్రైవరు. దివానియాలోకి టీలు మోసేదీ అతనే, లోపలి మాటలు ఈమెకు తెలుగులో చెప్పేదీ అతనే. "వీళ్లు పూటకు నూరుసార్లు వల్లా అంటారు. ఉప్పు తక్కువైనా వల్లానే, ఎక్కువైనా వల్లానే. పిల్లోని పందెం నమ్ముకుంటావా నువ్వు?"

"నేను పెంచిన బిడ్డ వాడు. నాతో అబద్ధమాడడు."

"సరే, వాడు ఆడడే అనుకో. ఆ అమెరికా ఆయప్పను ఎవురు మాన్పిస్తారు?"

దానికి అంకాలమ్మ దగ్గర జవాబుంది. ఆ సాయంత్రం స్నానం చేసి, తన గదిలో ఊరి వైపు తిరిగి దండం పెట్టింది. "గంగమ్మ తల్లీ! ఆ తెల్లాయప్ప మోకాలు ఈసారి లేవకుండా చెయ్యి. నీకు పొట్టేలును కొడతా." మొక్కేసి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆయనా ఒక తల్లి కన్న బిడ్డే, వాడి కాళ్లు పడిపోవాలని మొక్కితే నా బిడ్డకు మంచి జరుగుతాదా అని భయం పట్టుకుంది. లేచి కూర్చొని మొక్కు మార్చుకుంది. "కాలూ చెయ్యీ బాగుండనీ తల్లీ. ఆట మీద మనసు ఇరిచెయ్యి చాలు. ఇంటి మీదికి మళ్లించు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ముసలాయన గురించి అంకాలమ్మంత పట్టుగా కనిపెట్టినోళ్లు లేరంటే నమ్మండి. గోడకు చెవి ఆనించేది. పాలు పొంగినా చూసుకునేది కాదు. "ఏమంట? ఏమంటాండారు?" అని హుస్సేన్ వలిని పీక్కు తినేది. మానుకుంటాడు అనే జట్టుకు సమోసాలు నిండుగా పోయేవి. ఆ లావుపాటి పిల్లోడి ముందర పెట్టే పళ్లెంలో మాత్రం నాలుగు మాడినవి.

"అక్కా, వాడేం పాపం చేసినాడు?"

"నోరు మంచిది కాదు వానిది. మైదానంలోనే చస్తాడంటాడా ఎవురన్నా?"

జనవరిలో ముసలాయన జట్టు ఓడిపోయి ఇంటిదారి పట్టింది. చివర్లో ఆయన కింద పడి, లేవడానికి చాలాసేపు తీసుకున్నాడంట. లేచి అవతలి జట్టు వాళ్లను ఒక్కొక్కరినీ కావిలించుకున్నాడంట. పోతూ పోతూ వంగి గడ్డి తాకి కళ్లకద్దుకున్నాడంట. ఆ ఒక్క గడ్డి మీద దివానియాలో వారం రోజులు కొట్లాడుకున్నారు. అది సెలవు తీసుకోవడం అని మానుకుంటాడనే జట్టు. కాదు, మళ్లీ వస్తానని మొక్కుకోవడం అని ఆ లావుపాటోడు. అంకాలమ్మకు మాత్రం అనుమానం లేదు. ఊరు విడిచిపోయే ముందు ఇంటి గడపకు మొక్కి వచ్చిన మనిషి ఆమె.

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున ఆమె ఉల్లిగడ్డలు కోస్తుంటే మిషారి వంటింట్లోకి వచ్చాడు. అంతెత్తు మనిషి, గడ్డం పెరిగిన మనిషి, చిన్నపిల్లోడిలా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "ఖలాస్ అంకా. వెళ్లిపోయాడు. ఇంక ఆడనని చెప్పేశాడు."

అంకాలమ్మ వాడి తల నిమిరింది. వాడి కన్నీళ్లకు ఆమె కడుపు తరుక్కుపోయింది, నిజం. కానీ ఆ కడుపులోనే సంతోషం ఎగిరి గంతేసింది, అదీ నిజమే. రెండూ దాచుకోలేక ఆమె కూడా ఏడ్చేసింది. ఉల్లిగడ్డల పుణ్యమా అని ఎవరూ ఏమీ అనుకోలేదు.

వాడు ముక్కు తుడుచుకున్నాక మెల్లగా అడిగింది. "మరి నా టికెట్టు నాయనా?"

మిషారి ఏడుస్తూనే నవ్వాడు. "వల్లా, పంపిస్తా. అమ్మతో మాట్లాడతా."

ఆ పూటే కూతురికి ఫోన్ చేసి చెప్పింది. "మునీ, వస్తాండానే! టికెట్ ఇప్పిస్తానన్నాడు పిల్లోడు." "సరేమా, రా" అంది మునిలక్ష్మి.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టికెట్ లేకుండానే సర్దడం మొదలైంది. బాదంపప్పులు, పాలపొడి డబ్బాలు, పసిబిడ్డకు మెత్తటి దుప్పటి, బాలింతకు తలకు కట్టుకునే గుడ్డ, అన్నీ ఒక అట్టపెట్టెలో చేరాయి. హుస్సేన్ వలి పెట్టె చుట్టూ తాడు బిగించి ఆమె పేరు, ఊరు పెద్దక్షరాలతో రాసిపెట్టాడు. "చూస్తివా, నా మొక్కు!" అని ఆమె గొప్పలు పోయింది. టికెట్ గురించి ఎప్పుడడిగినా మిషారి, "బుక్రా, అంకా" అనేవాడు. బుక్రా అంటే రేపు. మామానడిగితే ఇన్షాల్లా. రంజాన్ రానే వచ్చింది. అంకాలమ్మది దింపుడు కళ్లం ఆశ అని హుస్సేన్ వలికి అర్థమైంది గానీ, ఆమెతో ఎట్లా అంటాడు?

రంజాన్ సగం గడిచింది. మునిలక్ష్మికి నెలలు నిండాయి. ఆ సాయంత్రం ఉపవాసం విడిచే వేళ దగ్గర పడుతోంది. ఒక పక్క గోధుమలు, మాంసం కలిపిన హరీస్ ఉడుకుతోంది, ఒక పక్క నూనె కాగుతోంది, మామా కేకలు మామా వేస్తోంది. అప్పుడు దివానియాలో ఒక్కసారిగా అరుపులు. ఎవరైనా చచ్చారేమోనని అంకాలమ్మ గరిటె వదిలేసింది.

హుస్సేన్ వలి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అక్కా... ఆయప్ప మళ్లీ ఆడతాడంట."

"ఏ ఆయప్ప?"

అడిగింది గానీ, ఏ ఆయప్పో ఆమెకు తెలుసు.

అంతలోనే మిషారి పరిగెత్తుకొచ్చి ఆమెను రెండు చేతులా పట్టుకొని గిరగిరా తిప్పాడు. నెత్తి మీద ముద్దు పెట్టాడు. "అంకా! ముసలాయన వచ్చేశాడు! ఇంట్లో కూర్చోలేకపోయాడంట! నా చోటు ఇల్లు కాదు, ఇంకో ఏడాది ఆడతా అని చెప్పాడు!"

అంకాలమ్మ ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఎవరి మీదా రానంత కోపం వచ్చింది, అదీ ముఖం కూడా సరిగా ఎరగని మనిషి మీద. ఇంట్లో కూర్చోలేకపోయినాడంట! ఎవురు పొమ్మన్యారు నిన్ను? పెండ్లాముంది, పిల్లలుండారు, వీసా చేతిలో పెట్టుకొని అడ్డమొచ్చే కఫీల్ లేడు, పాస్‌పోర్టు నీ జేబులోనే ఉండాది. ఇల్లు నీ కాళ్ల కాడికొస్తే తన్నేసి పోతావా, సచ్చినోడా! ఇదంతా తెలుగులో బయటికే అనేసింది. మిషారికి అర్థం కాక, సంతోషంతో అంటోందనుకొని ఇంకా నవ్వాడు.

"నాయనా, మరి నేను?" అంది అరబ్బీలో.

"నువ్వా?" వాడు నిజంగానే మరిచిపోయాడు. ఆమె ముఖం చూసి గుర్తు తెచ్చుకున్నాడు. "ఓ, పందెమా! ఆయన పోలేదు గదా అంకా, నువ్వూ పోవద్దు. అన్నాను గదా, ఇద్దరూ ఇద్దరేనని! నువ్వు పోతే మా గతేంటి?"

వాడి మాటలో కల్లాకపటం ఏమీ లేదు. అదే వచ్చిన చావు. ప్రేమగానే అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు, ఈ పిల్లికి అది చెలగాటమని కూడా తెలీదు. వెనక నుంచి మామా, "ఈద్ అయినాక పోతువులే, ముందు ఆ నూనె చూడు" అంది. అంకాలమ్మ నూనె చూసింది. సమోసాలు వేయించింది. ఆ లావుపాటి పిల్లోడికీ అందరితో సమానంగా పోయాయి.

ఇంట్లో వాళ్లంతా తిని లేచాక, సామాన్ల గది పక్కన నిలబడి కూతురికి ఫోన్ చేసింది. ఏం చెప్పాలి? అమెరికాలో ఒకాయనకు ఇంట్లో పొద్దుపోలేదు కాబట్టి నేను రానని చెప్పాలా?

"మునీ..." అంది.

"రాలేవు గదా?" అంది కూతురు.

అంకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవొద్దుమా. మా అత్తను ఎప్పుడో పిల్చుకున్యా. నిన్ననే వచ్చినాది, అన్నీ ఆయమ్మే చూసుకుంటాంది."

"మొదటి కాన్పుకు అత్తను పిలుస్తారా యాడన్నా? వస్తాండానని చెప్పినా గదే నీకు!"

"చెప్పినావు" అంది మునిలక్ష్మి. "నేనే ఎవురికీ చెప్పలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. తల్లి వస్తుందని ఆ పిల్ల ఒక్క పూటైనా నమ్మలేదు. ఎన్నడో, తలంబ్రాల నాడో అంతకుముందో, నమ్మడం మానేసింది.

"అన్నం తిన్యావామా?" అని అడిగింది కూతురు.

"తిన్యా" అని చెప్పింది అంకాలమ్మ.