ఇరవై తొమ్మిదో పిల్ల

మా చిన్నప్పుడు... ఆగస్టు పదిహేను దగ్గర పడుతుందంటే చాలు, నారాయణఖేడ్‌లో మా బడి మైదానమంతా చేత పట్టుకొని ఆడించే లెజిమ్‌ల గలగలలే. ఏడో తరగతి ఆడపిల్లలం ఇరవై తొమ్మిది మందిమి. పీటీ సారు నలుగురేసి వరుసలు కట్టించాడు... ఏడు వరుసలయ్యాయి. చివర నేను మిగిలాను.

"నలుగురుంటెనే లైను. నువ్వు పక్కకు జరుగు" అన్నాడు. అంతే!

ఒళ్లు మండిపోయింది నాకు. నేను ఆడేది చూడాలని మా అమ్మ కంది చేలో కలుపు పని మానుకొని మా ఊరు సిర్గాపూర్ నుంచి వస్తానంది మరి...

మర్నాడు తెలివి చూపించాను. ముందే వెళ్లి రెండో వరుసలో దూరాను. ఈసారి సలోమి మిగిలింది. హాస్టల్లో నా పెట్టె పక్కన పెట్టె దానిది. అది వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేక వరుసలో నా చోటు దానికిచ్చి నేనే పక్కకు వెళ్లాను. ఎవరు ఎక్కడ నిలబడినా చివరికి ఒకరు మిగులుతారని అప్పుడే అర్థమైంది.

జెండా పండుగ నాడు అందరూ చెప్పులు విడిచి ఆడుతుంటే, ఆ చెప్పులకు నన్ను కాపలా పెట్టాడు సారు. అమ్మ వచ్చింది. వరుసలన్నీ వెతికి వెతికి చివరికి నా దగ్గరికి వచ్చింది.

"గీడ గూసున్నవేంది బిడ్డా... ఏమన్న తప్పు జేసినవా?"

ఇప్పటికీ తలచుకుంటే కోపం ఆగదు. ఒక్క వరుసలో ఐదుగురిని నిలబెడితే జెండా ఎగరనంటుందా?

ఇప్పుడు ఇదే ఊళ్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. మొన్న శాతం గుర్తు వంతు వచ్చింది. ప్రోగ్రామ్‌లో అది శాతం కాదు, భాగించాక మిగిలేది ఎంతో చెబుతుంది. బోర్డు మీద 29 % 4 అని రాశాను. నా చేతికి వేరే అంకెలు రాలేదు.

సగం మంది "ఏడు" అన్నారు. "ఏడు వచ్చిన వరుసలు... మిగిలింది ఎంత?" అని గట్టిగానే అడిగాను. "ఒకటి" అన్నారు.

"మరి అందరూ ఆడాలంటే ఎన్ని వరుసలు కావాలి?"

ముందు బెంచీలో కూర్చున్న నాగల్‌గిద్ద నుంచి వచ్చే పిల్ల లేచింది. "ఎనిమిది టీచర్. మిగిలింది సున్నా గాకుంటె ఇంకో లైను వెట్టాలె."

"అందులో ఒక్కతే ఉంటుంది కదా?" అన్నాను.

"ఒక్కతుంటె ఏమైతది టీచర్? గది గూడ లైనే గదా!"

పన్నెండేళ్ల పిల్లకు చిటికెలో తట్టిన మాట... మెడలో విజిల్ వేసుకున్న అంత పెద్ద మనిషికి ఎందుకు తట్టలేదు?

ఇప్పుడా మైదానంలో లెజిమ్‌లు లేవు. అమ్మా లేదు... ఉంటే ఈ ఒక్క మాట చెప్పేదాన్ని. నేనేం తప్పు చేయలేదమ్మా, సారు ఎనిమిదో వరుస కట్టలేదు, అంతే.

మీ బడిలోనూ అలా పక్కన కూర్చోబెట్టిన పిల్ల ఉండే ఉంటుంది. ఆమె కథ ఇక్కడ రాయండి... ఆ పిల్ల మీరే అయినా సరే.