నల్లగండ్లలో మా రెండో వేసవి

ఆ ఉదయం మా ఆయన రెండు పాస్‌పోర్టులూ తెచ్చి నా ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టారు.

"మే నెల వచ్చేసింది. నవంబరు దాటిందంటే ఇక చుట్టపుచూపుగా తప్ప అక్కడికి వెళ్ళలేం. తర్వాత అనుకుని లాభం లేదు" అన్నారు.

నేను పచ్చడి వేసుకున్నాను. నెలకోసారైనా వింటున్న మాటే అది. ఇంగ్లండులో ఉత్తరాన ఉన్న ఒక మిల్లుల ఊళ్ళో మేం ఇరవై ఎనిమిదేళ్ళున్నాం. ఆయన సిటీ బస్సు నడిపేవారు. నేను ఆసుపత్రిలో నర్సును. మాకు పిల్లలు లేరు. ఇద్దరం రిటైరయ్యాక నేనే పట్టుబట్టి ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చాను. అయితే రెండేళ్ళు దాటి ఆ దేశానికి దూరంగా ఉంటే అక్కడ స్థిరంగా ఉండే హక్కు పోతుందని మాకు చెప్పారు. ఆయన ఆ గడువును రోజూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.

నేను పట్టుబట్టడానికి కారణం ఆయన ఊపిరితిత్తులే. అక్కడ అక్టోబరు వచ్చిందంటే ఆయనకు దగ్గు మొదలయ్యేది. మార్చి దాకా పడుకుని నిద్రపోయిన రాత్రి ఉండేది కాదు. వీపు కింద నాలుగు దిళ్ళు పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేవారు. వెచ్చటి దేశంలో ఉంటే ఈయనకు ఇంకొన్నేళ్ళు కలిసొస్తాయని అక్కడి డాక్టరు మాట వరసకు అన్నాడు. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. మాది గుంటూరు వైపు. కానీ అక్కడి ఉక్కపోతకు భయపడి, మా తమ్ముడు ఉద్యోగం చేస్తున్న హైదరాబాదును ఎంచుకున్నాం. వాడే లింగంపల్లి అవతల నల్లగండ్లలో స్థలం చూసి ఇల్లు కట్టించాడు.

వచ్చిన మొదటి చలికాలమే ఆయన వెల్లకిలా పడుకుని తెల్లవారేదాకా నిద్రపోయారు. నేను మాటిమాటికీ లేచి, ఊపిరి ఆడుతోందో లేదోనని చేయి పెట్టి చూసుకున్నాను. అంత నిశ్శబ్దంగా ఆయన నిద్రపోవడం ఎన్నో ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఎండ కాచుకునేవాళ్ళం. కూరగాయలమ్మేవాడితో తెలుగులో బేరమాడుతుంటే ఏదో పోయిన వస్తువు దొరికినట్టుండేది నాకు. అవన్నీ నిజమే. కరెంటు పోయేదన్నదీ నిజమే. కొత్త కేబుళ్ళ కోసం రోడ్లు తవ్వినప్పుడల్లా ఫోను మూగబోయేది. చుట్టూ రాళ్ళూ తుప్పలూ, అక్కడక్కడా సగం లేచిన ఇళ్ళు. నమ్మకంగా వెళ్ళదగిన ఆసుపత్రి కావాలంటే కొండాపూర్, మాదాపూర్ దాటి నగరంలోకి వెళ్ళాలి. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం పెద్ద గుండ్రటి భవనం లేస్తోంది. దాని చుట్టూ రోడ్ల కోసం రోజూ బండలు పేలుస్తున్నారు. మధ్యాహ్నం పూట ఆ చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది.

"ఏమీ మాట్లాడవేం?" అన్నారాయన, పాస్‌పోర్టుల మీద వేలితో కొడుతూ.

"వెళ్ళాలనుంటే మీరొక్కరే వెళ్ళండి. ఆ చీకట్లోకి నేను మళ్ళీ రాను" అన్నాను.

అనకుండా ఉండాల్సిన మాటే. ఆయన లేచారు. నేను అలవాటు ప్రకారం ఆయన రక్తపోటు మాత్రా, ఒంట్లో నీరు తీసే మాత్రా అరచేతిలో పెట్టాను. మంచినీళ్ళతో మింగి, టోపీ కూడా పెట్టుకోకుండా, డాబా మీద నీళ్ళ తొట్టి కడగడానికి వెళ్ళిపోయారు. కోపం వస్తే ఏదో ఒక పని మీద పడటం ఆయన పద్ధతి. పదకొండయినా దిగి రాలేదు. పిలిస్తే లోకువైపోతానని నేను పిలవలేదు.

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. అక్కడ ఇటుకలు మోసే పాలమూరు ఆవిడ మా గోడ మీంచి వంగి పిలిచింది.

"అమ్మా, మీ సారు డాబా మీద పడిపోయిండు. లేస్తలేడు."

నేను మెట్లెక్కేలోపు ఆమె, తాపీమేస్త్రీ అయిన ఆమె భర్తా గోడ దూకి పైకి వచ్చేశారు. ఆయన తొట్టి పక్కన ఒత్తిగిలి పడి ఉన్నారు. ముఖం కాలినట్టు ఎర్రగా ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. పిలిస్తే కళ్ళు తెరిచారు కానీ ఆ చూపు నన్ను గుర్తుపట్టలేదు.

ముగ్గురం కలిసి కిందికి దించి వరండాలో పడుకోబెట్టాం. నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. లోపలికి పరుగెత్తి థర్మామీటరు తెచ్చి చంకలో పెట్టి, గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతూ కూర్చున్నాను. చలికి బిగుసుకుపోయిన ముసలివాళ్ళను ఎన్ని వందల మందిని చూశానో. వాళ్ళను మెల్లమెల్లగా ఎలా వెచ్చబరచాలో నిద్రలో అడిగినా చెబుతాను. ఎండకు పడిపోయిన మనిషిని మాత్రం ఆ ఉద్యోగంలో ఒక్కసారీ చూడలేదు. థర్మామీటరులో పాదరసం చివరి గీత దాకా పాకింది.

"అమ్మా, ఏం లెక్కవెడ్తున్నవు? గిది వడదెబ్బ. సల్లవర్సాలె" అందామె. కొత్తగా పోసిన శ్లాబు ఎండిపోకుండా దాని మీద తడిపి పరిచిన గోనె సంచులు రెండు లాక్కొచ్చి ఆయన మీద కప్పింది. చొక్కా నేనే చింపేశాను.

"తాగిద్దామా?" అని ఆమె భర్త చెంబు ఎత్తాడు. అప్పటికి నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

"వద్దు, స్పృహ లేదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అన్నాను.

ఫోనెత్తితే చప్పుడు లేదు. అది అలా చచ్చి పడి ఉండటం అప్పటికి మూడో రోజు. తమ్ముడు ఆఫీసులో ఉంటాడు, వాడికి కబురు పంపే దారి లేదు. ఆటో కావాలంటే లింగంపల్లి దాకా నడవాలి. అప్పుడు పక్క స్థలంలో ఉన్న బండి ఒక్కటే. తొట్టి నింపడానికి వచ్చిన నీళ్ళ ట్యాంకరు. పాలమూరు ఆవిడ వెళ్ళి డ్రైవరును చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

అతను ఆయన్ని చూసి, "ఇగ నీళ్ళు దించుడు తర్వాత. ఎక్కించున్రి" అన్నాడు.

క్యాబిన్‌లో వెనక బల్ల మీద ఆయన్ని పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో ఉంది. పాలమూరు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని తడి గోనె పట్టుకుంది. బండి నిండా నీళ్ళుండటంతో గతుకుల్లో మెల్లగానే వెళ్ళాల్సి వచ్చింది. గచ్చిబౌలి దాటేసరికి గోనెలు ఎండి వేడెక్కాయి. ఆయనకు ఒళ్ళంతా ఒక్కసారి కొట్టుకుంది. పళ్ళు బిగిసిపోయాయి. నాలుక కరుచుకోకుండా ఒక పక్కకు తిప్పి పట్టుకున్నాను. 'మీరొక్కరే వెళ్ళండి' అన్న నా మాటే చెవుల్లో గింగురుమంటోంది.

కొండాపూర్ దాటాక ఎర్ర జెండా పట్టుకున్న మనిషి ఒకడు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బండలు పేలుస్తున్రు. ఇర్వై నిమిషాలు ఎవ్వర్నీ పోనియ్య."

"పేషంటున్నడు భాయ్. పానం మీదికొచ్చింది, జర ఇడువు" అన్నాడు డ్రైవరు.

"మందు పెట్టేసిన్రు. నేను ఇడిస్తే మీరందరు పోతరు."

నేను క్యాబిన్‌లోంచే ఆ మనిషిని బతిమాలాను, తిట్టాను కూడా. అతను కదల్లేదు. వెనక్కి తిరిగి వేరే దారిన వెళ్తే గంట పడుతుందని డ్రైవరు చెప్పాడు. ఇరవై నిమిషాలంటే ఏమిటో నాకు తెలుసు. ఆ వేడిలో మెదడు ఎంతసేపు తట్టుకుంటుందో లెక్క కట్టడం ఇష్టం లేక ఆపేశాను.

"నీళ్ళు మన ఎన్కనే ఉన్నయి గదమ్మా" అంది పాలమూరు ఆవిడ.

ఆయన్ని దించి ట్యాంకరు నీడలో నేల మీద పడుకోబెట్టాం. డ్రైవరు గొట్టం విప్పాడు. మొదట వచ్చిన నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. వాటిని రోడ్డు మీదికి వదిలేసి, చల్లటి నీళ్ళు మొదలయ్యాక ఆయన మీదికి తిప్పాడు. తల, మెడ, చంకలు, తొడలు. నీళ్ళు పోయడం ఒక్కటే చాలదు, గాలి తగలాలి. నా చీర కొంగుతో విసిరాను. పాలమూరు ఆవిడ ఖాళీ గోనెతో విసిరింది. కొంతసేపటికి ఎర్ర జెండా మనిషి వచ్చి, జెండాతోనే విసరడం మొదలుపెట్టాడు.

సైరను మోగింది. అందరం ఆయన మీదికి వంగాం. నేల అదిరింది. ఆ తర్వాత చిన్న చిన్న రాళ్ళు ట్యాంకరు రేకు మీద టపటపా పడ్డాయి. ఆ చప్పుడుకే కావచ్చు, ఆయన కళ్ళు తెరిచారు.

"ఆఖరి బస్సు వెళ్ళిపోయిందా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"లేదు, ఉంది" అన్నాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

నగరంలోని ఆసుపత్రికి చేరేసరికి రెండయింది. డ్యూటీలో ఉన్నది చాలా చిన్న వయసు డాక్టరు. సెలైన్లు పెట్టించి, మంచు ముక్కలు తెప్పించి, ఒక గంట తర్వాత బయటికి వచ్చాడు.

"దారిలో తడపకపోతే ఇక్కడిదాకా వచ్చేవారు కాదండి. ఇంట్లో ఏం మాత్రలు వాడుతున్నారు?"

చెప్పాను. అతను రాసుకుంటున్నవాడల్లా ఆగాడు.

"నీరు తీసే మాత్ర... మే నెలలో కూడా అదే మోతాదా?"

ఆ మాత్ర మొదలుపెట్టింది మంచు కురిసే ఊళ్ళో. ఒంట్లో చెమటగా పోవాల్సిన నీటిని రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే తీసేస్తూ వచ్చాను. నర్సును కదా అని ఇక్కడ ఎవరూ మందుల సంగతి నన్ను అడగలేదు. నర్సును కదా అని నేనూ ఎవరినీ అడగలేదు. అతను మాత్ర పేరు కింద గీత గీసి లోపలికి వెళ్ళాడు.

ఆయన పదహారు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మనుషుల్ని గుర్తుపట్టడం మూడో రోజుకే వచ్చింది. నడక మాత్రం పూర్తిగా రాలేదు. అడుగు వేస్తే తూలేవారు. కప్పు పట్టుకుంటే చేయి వణికేది. ఇరవై ఏళ్ళకు పైగా రెండంతస్తుల బస్సును ఇరుకు సందుల్లో తిప్పిన చేతులవి.

ఇంటికి వచ్చాక, ఇంగ్లండుకు వెళ్ళిపోదామని ఈసారి నేను మొదలుపెట్టాను. వర్షాలు పడుతున్నంతకాలం రోజూ అదే పోరు. అక్కడ నాలుగు నిమిషాల్లో అంబులెన్స్ వస్తుందని, ఇక్కడ ఇంకో వేసవిని ఎలా దాటగలమని అడిగేదాన్ని. ఆయన వినేవారు, ఒప్పుకునేవారు కాదు.

"భయపడ్డావు. అంతే" అన్నారొకసారి.

"భయం కాదండి" అన్నాను. మాత్ర సంగతి అప్పుడు చెప్పాను. మూడు నెలలు కడుపులో పెట్టుకున్నది రెండు వాక్యాల్లో అయిపోయింది.

ఓదారుస్తారేమోనని నాలో ఎక్కడో ఆశ ఉంది. ఓదార్చలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను మాత్రలు తెస్తే, "అక్కడ పెట్టు, నేను చూసుకుంటాను" అన్నారు. వణికే చేత్తో చీటీ చదువుకుంటూ, ఒక్కొక్క మాత్రా తీసుకుని పళ్ళెంలో పెట్టుకోవడానికి ఆయనకు పావుగంట పట్టింది. సాయం చేయబోతే చేయి అడ్డం పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడూ నా చేతి నుంచి మాత్ర తీసుకోలేదు.

అక్టోబరు చివర నేనే ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళి విమానాల వివరాలు కనుక్కొచ్చాను. కాగితం ఆయన ముందు పెట్టాను.

"చలి మొదలైంది. నువ్వు గమనించావా?" అని అడిగారు.

"దేన్ని?"

"పడుకునే నిద్రపోతున్నాను. తూలితే గోడ పట్టుకుంటాను. ఊపిరి ఆడకపోతే దేన్ని పట్టుకోను? రాత్రంతా కూర్చుని, తెల్లారుతుందా లేదా అని చూడటం నీకు తెలీదు. నువ్వు పక్కనే ఉన్నా నీకు తెలీదు."

"మరి ఎండ?"

"ఎండాకాలం పదకొండు నుంచి అయిదు దాకా గుమ్మం దాటను. నీ మీద కోపమొచ్చినా సరే, దాటను."

అందులో హాస్యం ఉందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. నేను ఇంకా వాదించాను. ఆయన వెళ్ళనంటే నేనొక్కదాన్నే వెళ్తానని అనలేను. అలాంటి మాట ఒకసారి ఈ ఇంట్లో అనేసి ఉన్నాను.

గడువు రోజు ఒక మంగళవారం వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేదు. పొద్దున నేను పప్పు నానబెట్టాను. ఆయన పేపరు చదివారు. మధ్యాహ్నం కరెంటు పోయింది, నాలుగింటికి వచ్చింది. సాయంత్రం ఆయన కర్ర పట్టుకుంటే, ఇద్దరం రోడ్డు చివరిదాకా నడిచాం. ఆయన ఆగి, "అయిపోయింది" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. తేలికపడటమూ లేదు. వెనకనున్న తలుపు ఎవరో మెల్లగా మూసినట్టయింది, అంతే.

పక్క ఇల్లు పూర్తయ్యాక పాలమూరు ఆవిడా ఆమె భర్తా మియాపూర్ వైపు ఇంకో పనికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆయన్ని చూడటానికి వచ్చింది. "సారు మంచిగనే ఉన్నడు" అని నాకే చెప్పి, ఆయన చేతిలో వణుకుతున్న కప్పు తను తీసుకుని పక్కన పెట్టింది. నేను పెట్టిన చీర తీసుకుంది. ఎక్కడ ఉంటావని అడిగితే, పని ఎక్కడుంటే అక్కడ అంది.

ఆయన ఆ తర్వాత తొమ్మిది చలికాలాలు బతికారు. ఇంగ్లండులోని మా మిల్లుల ఊరి నుంచి రిటైరై వద్దామనుకునేవాళ్ళు అప్పుడప్పుడూ ఫోను చేసి అడుగుతుండేవారు, వెచ్చటి దేశానికి వచ్చేయడం మంచిదేనా అని. ఆయన ఫోనెత్తితే రమ్మనేవారు. నేనెత్తితే, ముందు ఒక మే నెల ఇక్కడ గడిపి చూసుకోమనేదాన్ని. మా ఇద్దరిలో ఎవరి మాట విని ఎవరు వచ్చారో, ఎవరు ఆగిపోయారో నాకు తెలియదు.