తుడిచేకొద్దీ నల్లబడ్డ ఇల్లు

ఆ రోజుల్లో మనుషులకంటే తలుపు గడియలను చూస్తే ఎక్కువ భయం వేసేది. ఎవరు ముట్టుకున్నారో, ఏ చేత్తో ముట్టుకున్నారో అని కూరగాయల సంచి మొదలుకొని కరెంటు స్విచ్చు దాకా అన్నిటినీ అనుమానంగా చూసేవాళ్లం. (వంకాయలకు సబ్బు రుద్ది స్నానం చేయించినవాళ్లు చేతులెత్తమంటే అందరికంటే ముందు నా చెయ్యే లేస్తుంది.) కరోనా తగ్గుముఖం పట్టి, వీధిలో జనం మాస్కులు గడ్డం కిందికి దించేసుకున్నాక కూడా ఆ భయం మా ఇంట్లోంచి మాత్రం కదల్లేదు. దాన్ని కదలనివ్వకుండా పట్టుకున్నది మా మామ.

నాది సూళ్లూరుపేట. పెళ్లయి శ్రీకాళహస్తికి కాపురానికి వచ్చి అప్పటికింకా ఏడాది కాలేదు. మా ఆయనకేమో ఉద్యోగం మా పుట్టింటి వైపు ఫ్యాక్టరీలో. వారానికోసారి ఇంటికి వచ్చి, తిని, పడుకుని, మళ్లీ రైలెక్కేవాడు. ఆయన మా ఊరి పక్కన, నేను ఆయన ఊళ్లో, ఇదేం కాపురమో అని మా అమ్మ ఫోన్లో వాపోయేది. ఇంట్లో మిగిలేది మేం ముగ్గురం. మామ రిటైరైన బస్సు డ్రైవరు. బస్సు అద్దం తుడిచీ తుడిచీ అలవాటైన చెయ్యి, ఇంట్లో ఖాళీగా ఉండలేకపోయేది. అత్త కలంకారీ బొమ్మలు వేసేది. 'వేసేది' అని ఎందుకంటున్నానంటే, జబ్బుపడి లేచిన తర్వాత ఆమెకు ఆయాసం పట్టుకుంది. కొంచెంసేపు వంగి కూర్చుంటే దగ్గు వచ్చేది. కలం, రంగుల కుండలు అటక ఎక్కించేసి, "ఇంగ నా వల్ల కాదులే పాపా" అనేసింది.

మామ ఆయుధం ప్యాకెట్లలో వచ్చే తడి కాగితాలు. ఒకటి లాగడం, తుడవడం, పారేయడం. పాలప్యాకెట్టు, రిమోట్టు, గొళ్లెం, కుర్చీ, చివరికి క్యాలెండరు మేకు కూడా వదిలేవాడు కాదు. మా చెత్తబుట్ట చూసి మునిసిపాలిటీ బండామె "ఏందమ్మా, మీ ఇంట్లో రోజూ పెళ్లిభోజనాలా?" అని అడిగేది. అదైనా సర్దుకోవచ్చు గానీ, ఆ కాగితాలకొక ఘాటైన సెంటు వాసన ఉండేది. ఆయన ఒక గది తుడిచి వచ్చేసరికి అత్త వీధి అరుగు మీదికి వెళ్లిపోయి కూర్చునేది. లోపలికి వస్తే దగ్గు. దగ్గితే మామకు భయం. భయం వేస్తే ఇంకో ప్యాకెట్టు విప్పేవాడు.

ఒకరోజు అన్నం తింటూ అత్త కంచం పక్కకు జరిపి, "నేను బంగారుపాళ్యం పోతా" అంది. అక్కడ మా ఆడబిడ్డ ఇల్లు, మామిడితోపు మధ్యలో. "ఆడ గాలి బాగుంటాది. రొన్నాళ్లు ఉండి వస్తా."

"రొన్నాళ్లంటే ఎన్నాళ్లు?" అన్నాడు మామ.

"ఊపిరి బాగయిందాకా."

మామ తల వంచుకుని మజ్జిగ కలుపుకున్నాడు. నేను మాత్రం ముద్ద కంచంలోనే వదిలేశాను. ఉన్నమాట చెబుతున్నాను, ఆ ఇంట్లో నాకు కొత్తదనం పోగొట్టింది అత్తే. కాపురానికొచ్చిన మొదటివారం రసంలో ఉప్పు రెండుసార్లు వేసి నేను బిక్కచచ్చిపోతే, గ్లాసుడు నీళ్లు పోసి "ఇట్ట సేస్తే మూడు పూటలకొస్తాది, మంచిదే" అన్న మనిషి. ఆమె వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనూ, మామా, తడి కాగితాలూ. ఆ వాసన ఉన్నంతకాలం ఆమె తిరిగి రాదని నాకు నమ్మకంగా అనిపించింది. అంటే వాసన పోవాలి. అత్త బస్సెక్కేలోపలే పోవాలి.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. (ఈ మాట ఆ ఇంట్లో అవసరం ఉన్నా లేకపోయినా చెప్పేదాన్ని. ఆ రోజు తర్వాత చెప్పడం మానేశాను.) ఫోన్లో ఒకామె పాతబట్ట ముక్కలతోనే తడి గుడ్డలు తయారుచేసుకోవడం చూపించింది. మెత్తటి నూలుబట్టను చేతిరుమాళ్లంత ముక్కలుగా కత్తిరించి, నీళ్లలో కాస్త వెనిగరు, నిమ్మతొక్కలు వేసి, మూతున్న గాజుసీసాలో నానబెట్టాలి. తుడిచాక సబ్బుతో ఉతికి ఎండలో వేస్తే మళ్లీ వాడుకోవచ్చు. సెంటు లేదు, పారేసే పని లేదు. మామకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి, "జబ్బు సస్తాదా?" అన్నాడు. "సబ్బుతో తుడిచినా చాలన్నాడు కదా మామా డాక్టరు. ఇది దానికి తోడు" అన్నాను. ఆయనకది నచ్చింది. నానబెట్టడం, నీళ్ల పాళ్లు నా వంతు. బట్ట వెతికి కత్తిరించడం ఆయన వంతు అని పనులు పంచుకున్నాం.

అత్త ప్రయాణం రోజు పొద్దున్నే మాత్రలు తీసుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది. మధ్యాహ్నం బస్సు. ఇంతలో పని కానిచ్చేయాలని మామ ముక్కలు కత్తిరించి తెచ్చాడు. లేత పసుపురంగుకు తిరిగిన మందపాటి నూలుబట్ట. "నా పాత పంచె. పెట్టెలో అడుగున మడతేసి ఉండాది" అన్నాడు. దగ్గర పెట్టుకుంటే ఏదో పాతపాల వాసన. పెట్టెలో చాలాకాలం ఉండబట్టి అనుకున్నాను. సీసాలో వేస్తే నీళ్లు పచ్చగా దిగాయి. నిమ్మతొక్కల రంగనుకున్నాను. నా చదువు అక్కడ నాకు ఒక్క హెచ్చరిక కూడా చేయలేదు.

మామ ఒక ముక్క పిండుకుని వరండాలోని కిటికీ ఇనుపచువ్వలతో మొదలుపెట్టాడు. వానలకు తుప్పుపట్టిన చువ్వలవి. రెండు చువ్వలు తుడిచి గుడ్డ తిప్పి చూసి, "పాపా, ఇట్టా రా!" అని కేకేశాడు. గుడ్డ నల్లగా ఉంది. అలాంటిలాంటి నలుపు కాదు, కాటుక. "సూడు సూడు, ఎంత మురికి వస్తా ఉండాదో! ఆ పేపర్లు తుడిస్తే ఇంత వచ్చిందా ఎప్పుడన్నా? నీ మందు బలే పనిజేస్తాది." నాకు గర్వంతో నేల మీద కాలు నిలవలేదు. నేనూ ఒక ముక్క తీసుకున్నాను. ఇనుప గేటు, ఇనుప మంచం కోళ్లు, తలుపు గడియలు. తుడిచిన చోటల్లా నలుపు. "ఇన్నాళ్లూ ఈ మురికిలోనే బతికినామే!" అని మామ ఆవేశపడిపోయి, అదే గుడ్డతో స్విచ్చుబోర్డు, ఫ్రిజ్జు తలుపు, సున్నం గోడ కూడా అందుకున్నాడు. గోడ మీద నల్లటి చార పడింది. దాన్ని తుడవబోతే పెద్దదైంది. పెద్దదాన్ని తుడవబోతే ఇంకా పెద్దదైంది.

"ఇదేంది పాపా, తుడిచేకొద్దీ నల్లబడతా ఉండాది?" అని మామ తన చేతులు చూసుకున్నాడు. నావీ చూసుకున్నాను. మణికట్ల దాకా నలుపు. సబ్బు వేసి రుద్దితే సబ్బు నల్లబడింది. మామ చెమట తుడుచుకుంటే నుదురు కూడా నలుపులో చేరింది. అప్పుడు, ఇల్లంతా అయ్యాక, నా బుర్రలో బల్బు వెలిగింది. పచ్చగా దిగింది నిమ్మరంగు కాదు, బట్టలోని వగరు. దానికి తోడు తుప్పు, వెనిగరు. పరీక్షలో రాసి పాసైన సంగతే. వగరూ ఇనుమూ కలిస్తే పుట్టేది సిరా. "మామా, ఆ పంచె నిజంగా పంచేనా?" అని నేను అడుగుతుండగానే గేటు చప్పుడైంది.

అత్త గుమ్మంలో నిలబడి గోడలు చూసింది, ఫ్రిజ్జు చూసింది, చివరికి మా ఇద్దర్నీ చూసింది. "ఏందయ్యా ఇది? నేను పోతా ఉండానని ఇంటికి దిష్టి తీసినారా?" అంటూ లోపలికి వచ్చి, నేల మీదున్న ముక్క ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్లతో నలిపి చూసింది. "ఇది నా కరక్కాయ గుడ్డ" అంది.

కలంకారీ బొమ్మ వేసేముందు బట్టను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఎండబెడతారు. దాని మీద తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తే నల్లగా పడుతుంది. అత్త జబ్బుపడకముందు పాలు పట్టించి దాచుకున్న ఆఖరి బట్ట అది. మేం దాన్ని ముక్కలు చేసి, తుప్పు మీద రుద్ది, మా ఇంటికంతా కలంకారీ వేసేశాం. "అత్తా, నీ ఊపిరి కోసమే... ఆ వాసన లేకుండా చేస్తే నువ్వు పోవనుకున్నా" అన్నాను.

అత్త మామ వైపు తిరిగింది. "ఇన్నేళ్లు నాతో కాపురం సేసినావు. కరక్కాయ గుడ్డకీ నీ పంచెకీ తేడా తెలీలేదా?"

"రెండూ పసుప్పచ్చగానే ఉండె కదే!" అన్నాడు మామ, నల్లటి నుదుటి కింద తెల్లటి కళ్లు మిటకరిస్తూ.

అంతే, అత్త నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. నేను ఆ ఇంటికొచ్చాక ఆమె అంతలా నవ్వడం చూడలేదు. నవ్వుతో దగ్గొచ్చింది. మామ నీళ్ల కోసం పరిగెత్తాడు. దగ్గు తగ్గాక నేను భయంభయంగా, "ఈ నలుపు పోతాదా అత్తా?" అని అడిగాను. "పోయేదైతే దాంతో బొమ్మలెందుకేస్తాం మే? గమ్మున ఉండు" అని, కొంగు బిగించి, ఆమే బక్కెట్టు ముందు కూర్చుంది. మిగిలిన ముక్కలు పిండి, గేటు కడిగేసరికి ఆమె చేతులు కూడా మావిలాగే అయ్యాయి. మధ్యాహ్నం బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి రోజూ ఎత్తలేదు.

గోడకు మళ్లీ సున్నం కొట్టించాం. అత్త తన పాత నూలుచీర ఒకటి, ఉతికీ ఉతికీ వెన్నలా మెత్తబడ్డది, తానే చింపి, అంచులు కుట్టి నాకిచ్చింది. నా వెనిగరు నీళ్లకు అప్పుడు సరైన తోడు దొరికింది. ఇనుము వైపు మాత్రం పోనిచ్చేది లేదు, దానికి వట్టి సబ్బునీళ్లే. తడి కాగితాల ప్యాకెట్లు మా ఇంట్లోకి మళ్లీ రాలేదు. ముక్కలు ఉతికి మేడ మీద ఆరేసే పని మామ తీసుకున్నాడు. క్లిప్పులు సమానదూరంలో లేకపోతే ఆయనకు నిద్రపట్టదు.

మొన్నామధ్య మేడ మీద ఆరిన ముక్కలు మడతపెడుతూ, నా గొప్ప నేనే చెప్పుకుందామని, "ఎట్టైతేనేం అత్తా, ఆ వాసన పోగొట్టి నిన్ను ఆపినా కదా" అన్నాను.

అత్త చేతిలోని మడత ఆపింది. "వాసన సంగతి కాదు పాపా. నేను కుర్చీలోంచి లేస్తే మీ మామ కుర్చీ తుడిచేది. నేను తలుపు తీస్తే గడి తుడిచేది. నువ్వూ అంతే, నా గ్లాసు రెండుసార్లు కడిగేదానివి. దగ్గే మనిషిని కదా, నేను ముట్టిందంతా తుడుస్తా ఉండారే అనిపించె. మీరు నా మంచికే సేస్తా ఉండారని తెలుసు. అయినా మనసు ఒప్పుకోలే."

"మరి ఎందుకు ఆగినావు?" అన్నాను.

"ఆ పొద్దు నాకు నీళ్లు తెచ్చినాడే, నేను సగం తాగి పెట్టినా. మీ మామకూ దప్పికయింది కాబోలు, ఆ మిగిలింది ఎత్తి గటగటా తాగేసినాడు. తుడవలా, కడగలా. ఆయనకు తెలీను కూడా తెలీదు." కొంగుతో నవ్వు దాచుకుంది. "ఇంగ బంగారుపాళ్యం ఎందుకు పోతా?"

నేను అక్కడే ఉన్నాను ఆ రోజు, ఆ పక్కనే. నల్లటి చేతులతో బక్కెట్టు పట్టుకుని, ఈ నలుపు దేంతో వదులుతుందా అని లెక్కేసుకుంటూ. పిచ్చిపిల్లని, ఒక్కసారి తలెత్తి చూసుంటే బాగుండేది.