నిప్పు కోసం వచ్చిన పిల్ల

1986 జులైలో నేను ఒంగోలులో స్టాఫ్ రిపోర్టరుగా పనిచేస్తున్నాను. మా దినపత్రిక ఆగస్టు పదిహేనుకి ప్రతి జిల్లాకూ ఒక ప్రత్యేక పేజీ వేసేది. ఆ ఏడు మా జిల్లా పేజీకి ఎంచుకున్న అంశం 1921 నాటి చీరాల-పేరాల. దొరల ప్రభుత్వం ఆ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, జనం ఆ పన్నులు కట్టేది లేదని ఇళ్లు వదిలేసి, ఊరి బయట ఇసుక నేలలో తాటాకు పాకలు వేసుకుని దాదాపు ఏడాది ఉన్నారు. ఆ పాకల్లో గడిపినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే కలిసి రాయమని డెస్క్ నుంచి కబురు వచ్చింది. డెస్క్ అంటే మేం పంపిన వార్తలను దిద్ది పేజీకెక్కించే సబ్-ఎడిటర్లు.

నాకు కావలసిన మనిషి ఒంగోల్లోనే దొరికారు. సుందరమ్మగారు చీరాలలో ఒక పూజారిగారి కూతురు. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. పాకల్లోకి వెళ్లేనాటికి ఆవిడ తొమ్మిదేళ్ల పిల్ల.

అడగవలసినవి వరసగా అడిగాను. సభలు ఎక్కడ జరిగేవి, పోలీసులు ఎవరిని పట్టుకెళ్లారు, బియ్యం ఎవరు పంపేవారు. అన్నిటికీ మర్యాదగా, ముక్తసరిగా జవాబు చెప్పి, ప్రతిసారీ రవణ దగ్గరికే వచ్చేవారు. రవణ పక్క పాకలో నేతపనివాళ్ల అమ్మాయి. సముద్రపు గాలికి నిప్పురవ్వ ఎగిరితే తాటాకు పాకలన్నీ అంటుకుంటాయని, ఒక్కొక్క వరసకీ ఒకేచోట గొయ్యి తీసి అందులో నిప్పు నిలవ ఉంచేవారట. వంటవేళకి ఆ గోతి నుంచి పిడక మీద నిప్పు తెచ్చి పొయ్యిలు వెలిగించడం, వంట కాగానే ఆర్పడం. నిప్పు మోసే పని ఈ ఇద్దరు పిల్లలది.

"మా నాయనమ్మ పొయ్యి వెలిగింది రవణ తెచ్చిన నిప్పుతోనే నాయనా. ఆ ఏడాదంతా మడి మాట ఎత్తలేదావిడ. మేమిద్దరం ఒకే చాప మీద పడుకున్నాం. అంత సుఖంగా మళ్లీ నిద్రపోలేదు నేను" అన్నారు.

ఏడాది తిరిగి అందరూ ఇళ్లకు మళ్లారు. అలవాటు కొద్దీ ఒక ఉదయం రవణ పిడక పట్టుకుని వీళ్ల ఇంటికి వచ్చింది. నాయనమ్మ ఆ పిల్లను గుమ్మం బయటే ఆపి, పట్టకారుతో నిప్పును పైనుంచి పిడక మీదికి జారవిడిచింది. సుందరమ్మగారు లోపలినుంచి చూస్తూ ఉండిపోయారు. రవణ మళ్లీ రాలేదు. కొన్నాళ్లకి ఈవిడకు పెళ్లి చేసి పంపేశారు.

నేను లేవబోతుంటే అడిగారు. "నా పేరు లేకపోయినా ఫర్లేదు, దాని పేరు వెయ్యి బాబూ. బతికుంటే ఎవరిచేతనైనా చదివించుకుంటుంది. ఒక్కసారి దాన్ని చూడాలి."

మనుషుల ఆచూకీ అడగడం వార్త కాదు, ప్రకటనల విభాగానికి సంబంధించిన పని. ఆ మాటే చెప్పాను. ఆవిడ తల ఊపి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే నన్ను ఇబ్బంది పెట్టింది.

మా వృత్తిలో ముఖ్యమైనది పైన, తక్కువది కింద రాస్తాం. పేజీలో చోటు చాలకపోతే కింది పేరాలు నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు. రవణ సంగతి చివర పెడితే అది బతకదని నాకు తెలుసు. అందుకని దానితోనే మొదలుపెట్టాను. సభలూ అరెస్టులూ కిందికి వెళ్లాయి. కవరు బస్సులో పంపిన మర్నాడు న్యూస్ ఎడిటర్ ఫోన్ చేశారు. "ఏవయ్యా, ఉద్యమం రాయమంటే పిడకలు రాశావేం?" అన్నారు. ఇంకెవరూ దొరకలేదని చెప్పాను. విసుక్కున్నారు గాని మార్చలేదు.

పేజీ అచ్చయిన వారం పది రోజులకి ఆఫీసుకి ఒక యువకుడు వచ్చాడు. వేటపాలెంలో మగ్గం నేస్తాడు, రవణమ్మ మనవడు. ఆవిడ బతికే ఉంది. నా ఐటెమ్ ఇతనే చదివి వినిపించాడు. నేను సంబరపడి, ఎప్పుడు తీసుకొస్తావని అడిగాను. అతను కాస్త ఇబ్బందిగా నిలబడ్డాడు.

"రానందండి. ఆ పాకలు తనకి అంతగా గుర్తులేవంట. ఆ గుమ్మం మాత్రం గుర్తుందని చెప్పి రమ్మంది."

ఆ మాటను మార్చకుండా సుందరమ్మగారికి చేరవేశాను. మెత్తగా చెప్పవచ్చు గాని, విన్నది విన్నట్టు చెప్పడం మా పని. ఆవిడ చీరచెంగు మడతలు సవరించుకున్నారు. తర్వాత వేటపాలేనికి ఏ బస్సు ఎక్కాలని అడిగారు. తమ్ముడు వయసు గుర్తుచేసి వారించబోతే, "అది నడిచొచ్చింది మనింటికి. నేను బస్సులో వెళ్లలేనట్రా?" అన్నారు.

వాళ్లిద్దరి మధ్య నాకేం పని? వెంట వెళ్లలేదు. జరిగింది ఆ మనవడే తర్వాత చెప్పాడు. సుందరమ్మగారు వాళ్ల గుమ్మం బయట ఆగిపోయి, లోపలికి రాకుండా, "రవణా, కాస్త నిప్పుంటే పెట్టవే" అని అడిగారట. ముసలావిడ మగ్గం పక్కన కూర్చుని కాసేపు పలకలేదట. కళ్లు సరిగా ఆనక, గొంతు పోల్చుకోవడానికి అంత సమయం పట్టిందో, మరెందుకో అతనికీ తెలియదు. చివరికి అందట: "నిప్పెక్కడిదే, మావాడు కిరసనాయిలు స్టవ్వు తెస్తేనూ. ఎండలో ఎంతసేపు నిలబడతావు, లోపలికి రా."

ఆవిడ లోపలికి వెళ్లారు, కాఫీ తాగారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, మగ్గం చప్పుడులో వినపడలేదన్నాడు. వాళ్లు కలుసుకున్నారని నేను చెబితే, అది కూడా రాయమని న్యూస్ ఎడిటర్ కోరారు. రాయలేదు.

అచ్చయిన నా ఐటెమ్‌లో తప్పేమీ లేదు, కాని అది ఒకరికి గుర్తున్న ఏడాది మాత్రమే. ఆ తర్వాత పాతకాలం గురించి ఎప్పుడు రాయవలసి వచ్చినా ఇద్దరిని కలవడం నియమంగా పెట్టుకున్నాను: గుమ్మం లోపల ఉన్నవాళ్లను ఒకరిని, బయట నిలబడినవాళ్లను ఒకరిని. రెండోవాళ్లు దొరకనప్పుడు, దొరకలేదని మొదటి పేరాలోనే రాసేవాణ్ణి.